బడి గ్రాంటు లెక్క కోసం ఆర్టీఐ వేశాను, జవాబు రాలేదు

మా ఊరి ప్రాథమిక పాఠశాలలో 64 మంది పిల్లలున్నారు. సర్కారు బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం నిబంధనల ప్రకారం 31 నుంచి 100 మంది ఉన్న బడికి ఏడాదికి 25,000 రూపాయల గ్రాంటు. పోయిన ఏడాది ఎంత వచ్చిందో తల్లిదండ్రుల కమిటీ సభ్యురాలినైన నాకే తెలియదు. బాత్రూం తలుపు ఊడిపోయింది. ఒక పాప లోపలికి వెళ్తే ఇంకో పాప గోనెపట్టా అడ్డం పట్టుకుని నిలబడుతోంది. ఫీజులు కట్టలేనివాళ్ల పిల్లలైతే ఇంతేనా అని కడుపు తరుక్కుపోతోంది.

హెడ్మాస్టరుగారిని అడిగితే ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుకు వెళ్లమన్నారు. అక్కడికి రెండుసార్లు తిరిగాక, ఆ ఆఫీసుకే రిజిస్టర్ పోస్టులో ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు పంపాను. జూన్ 20న అందినట్టు కార్డు వచ్చింది. 30 రోజుల గడువు జులై 20తో అయిపోయింది. మొదటి అప్పీలుకు ఇంకో 30 రోజులే టైముంది.

ఈ అప్పీలు ఏ అధికారి పేరున వేయాలి?