నెలాఖరు రిపోర్టు ఎక్సెల్‌లో త్వరగా అవ్వాలంటే ఏం చేయాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నెలాఖరు రాగానే ఒక్కో విభాగం నుంచి ఒక్కో ఎక్సెల్ ఫైలు వస్తుంది, అవన్నీ తెరిచి ఒకే షీట్‌లోకి కాపీ పేస్ట్ చేసి, వీలుకప్‌తో (VLOOKUP, ఒక కోడ్‌ను ఇంకో పట్టికలో వెతికి దాని విలువ తెచ్చే ఫంక్షన్) రేట్లు తెచ్చుకుని, విభాగాలవారీగా టోటల్స్ వేసి పంపాలి. ఒక్క సెల్ మార్చినా ఫైలు చాలాసేపు ఆగిపోతోంది. కొన్ని వరుసల్లో కోడ్ కళ్లముందే ఉన్నా ఎన్‌ఏ ఎర్రర్ (#N/A, అంటే వెతికింది దొరకలేదని) వస్తోంది. షార్ట్‌కట్‌లు ఇంకా నేర్చుకోవాలా, మ్యాక్రోలు (పనులు వాటంతటవే జరిగేలా రాసుకునే చిన్న ప్రోగ్రాములు) మొదలుపెట్టాలా? నాది ఎక్సెల్ 2019.

జవాబు:
మ్యాక్రోల దాకా వెళ్లకండి, ముందు ఆ కాపీ పేస్ట్ మానేయండి. ఫైళ్ల నుంచి డేటా తెచ్చి కలిపే పవర్ క్వెరీ అనే సాధనం 2016 నుంచి ఎక్సెల్‌లోనే ఉంది. వచ్చిన ఫైళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, డేటా ట్యాబ్‌లో గెట్ డేటా, ఫ్రమ్ ఫైల్, ఫ్రమ్ ఫోల్డర్ అని వెళ్లి కంబైన్ చేస్తే అన్నీ ఒకే టేబుల్‌గా వస్తాయి. వచ్చే నెల కొత్త ఫైళ్లు అందులో వేసి రిఫ్రెష్ ఆల్ నొక్కితే చాలు. రేట్ల పట్టికను కూడా అక్కడే మెర్జ్ చేసుకోవచ్చు, అప్పుడు వేల వీలుకప్‌ల అవసరమే ఉండదు. టోటల్స్‌కి పివట్ టేబుల్ (విభాగాలవారీగా మొత్తాలు తనే వేసే పట్టిక) పెట్టుకోండి. ఒక్క షరతు, అన్ని ఫైళ్లలో కాలమ్ హెడింగ్‌లు అక్షరం తేడా లేకుండా ఒకేలా ఉండాలి, ఇది విభాగాలవాళ్లకు ముందే చెప్పి ఒప్పించండి.

జవాబు:
పైన చెప్పినదే సరైన దారి. ఎన్‌ఏ సంగతికొస్తే, ఒకచోట కోడ్ నంబరుగా, ఇంకోచోట టెక్స్ట్‌గా ఉండి ఉంటుంది. విలువ నంబరా కాదా చెప్పే ఈజ్‌నంబర్ ఫంక్షన్‌తో రెండు వైపులా చూడండి. టెక్స్ట్‌గా ఉన్న కాలమ్ సెలెక్ట్ చేసి టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి నేరుగా ఫినిష్ కొడితే నంబర్లయిపోతాయి, కాకపోతే కోడ్ ముందు సున్నాలుంటే పోతాయి, అలాంటప్పుడు రెండో వైపునే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. కోడ్ చివర స్పేస్ ఉన్నా ఇదే గొడవ, అదనపు స్పేస్‌లు తీసేసే ట్రిమ్ ఫంక్షన్ వాడండి. వెబ్ నుంచి కాపీ చేసిన డేటాలో వచ్చే ఒక రకం స్పేస్‌ను మాత్రం ట్రిమ్ తీయలేదు, దానికి ఒకదాని బదులు ఇంకోటి పెట్టే సబ్‌స్టిట్యూట్ ఫంక్షన్‌లో ఆ స్పేస్‌ను సూచించే క్యార్ 160, అంటే CHAR(160), ఇవ్వాలి. ఇక వీలుకప్‌లో నాలుగో విలువ ఫాల్స్ అని తప్పకుండా ఇవ్వండి, వదిలేస్తే దగ్గరి విలువ తెచ్చిపెడుతుంది, ఎర్రర్ కూడా చూపించదు, నాకైతే ఎన్‌ఏ కంటే అదే ఎక్కువ భయం.

ప్రశ్న అడిగినవారు:
చాలా థ్యాంక్స్ అండి. ఫైలు ఆగిపోవడానికి క్యాలిక్యులేషన్ మాన్యువల్‌లో (అంటే మనం అడిగినప్పుడే లెక్కవేసేలా) పెట్టమని ఒకరన్నారు, పెట్టొచ్చా? వీలుకప్ బదులు ఎక్స్‌లుకప్ (XLOOKUP) వాడమని కూడా అన్నారు, నాకు కనిపించడం లేదు.

జవాబు:
ఎక్స్‌లుకప్ 2019లో లేదు, 2021లోనూ మైక్రోసాఫ్ట్ 365లోనూ ఉంది. మీరు ఇండెక్స్, మ్యాచ్ ఫంక్షన్లు కలిపి వాడండి, మధ్యలో కాలమ్ చేర్చినా చెడదు. మాన్యువల్ మాత్రం వద్దు, మళ్లీ లెక్కవేయించే ఎఫ్9 నొక్కడం మర్చిపోతే పాత టోటల్స్ పంపేస్తారు, పైగా ఆ సెట్టింగ్ అప్పుడు తెరిచి ఉన్న మిగతా ఫైళ్లకూ వర్తిస్తుంది. ఫార్ములాల్లో ఆఫ్‌సెట్, ఇన్‌డైరెక్ట్ ఫంక్షన్లు ఉన్నాయేమో వెతకండి, ఎక్కడ ఏ సెల్ మారినా అవి మళ్లీ లెక్కవేసుకుంటాయి. వాడిన చివరి సెల్‌కి తీసుకెళ్లే కంట్రోల్ ఎండ్ నొక్కితే డేటా కంటే చాలా కిందికి వెళ్తోందా? అయితే ఆ ఖాళీ వరుసలు డిలీట్ చేసి సేవ్ చేయండి. ఇంకో మాట, ఆ ఫోల్డర్‌లోని ఫైలు ఎవరైనా తెరిచి ఉంచితే కనబడని తాత్కాలిక ఫైలు ఒకటి తయారై రిఫ్రెష్‌లో ఎర్రర్ రావచ్చు, అన్నీ మూసేశాకే రిఫ్రెష్ చేయండి.