1893లో జేమ్స్ హిల్ రైల్వే ఎలా నిలబడింది?

తార్నాక విద్యార్థిని:
అమెరికాలో గ్రేట్ నార్తర్న్ రైల్వేను నడిపిన జేమ్స్ జె. హిల్ గురించి కళాశాలలో మాట్లాడాలి. 1893 ఆర్థిక సంక్షోభంలో నార్తర్న్ పసిఫిక్, యూనియన్ పసిఫిక్ దివాలా తీశాయి. ప్రభుత్వ సాయం ఏమీ అందుకోని ఈయన కంపెనీ మాత్రం నిలబడింది. కిటుకు ఏమిటి?

మౌలాలి విశ్రాంత గార్డు:
అమ్మా, సాయం అసలే లేదనకండి. 1878లో భాగస్వాములతో కలిసి ఆయన చేజిక్కించుకున్న దివాలా రైల్వే కంపెనీతో పాటు దానికి మిన్నెసోటా రాష్ట్రంలో ప్రభుత్వం ఇచ్చిన లక్షల ఎకరాల భూమీ వచ్చింది. సాయం లేకుండా వేసింది ఆ తర్వాత పసిఫిక్ తీరం దాకా సాగిన లైను.

కిటుకంటారా, నా ఉద్యోగమంతా గూడ్స్ బండి బ్రేక్ వ్యానులో గడిచింది కాబట్టి ముందు ఎత్తుపల్లాల గురించే చెబుతాను. చదునైన పట్టాల మీద టన్ను బరువు లాగడానికి రెండు మూడు కిలోల బలం చాలు. నూటికి ఒకటి చొప్పున ఎత్తు ఎక్కాలంటే టన్నుకు ఇంకో పది కిలోలు కావాలి. అదే ఇంజిను, అదే సిబ్బంది, లాగే సరుకు మాత్రం ఐదో వంతుకు పడిపోతుంది! ముంబై దారిలో కసారా ఘాట్ చూడండి, 37కు ఒకటి ఎత్తు. వెనక నుంచి తోసే బ్యాంకర్ ఇంజిన్లు తగిలిస్తే గానీ బండి కదలదు. లైను ఉన్నన్నాళ్లూ ఆ ఖర్చు తప్పదు. అందుకే రాకీ పర్వతాలు దాటడానికి హిల్ తక్కువ ఎత్తు దారి వెతికించాడు. 1889 డిసెంబరు మంచులో ఇంజినీరు జాన్ స్టీవెన్స్ నడిచి వెళ్లి మరియాస్ కనుమను ఖాయం చేశాడు. ఎత్తు 5,213 అడుగులే.

రెండోది ఖాళీ వ్యాగన్లు. బొగ్గు కోసం రామగుండం వైపు ఖాళీ గూడ్స్ బండ్లు వెళ్తుంటే ప్రాణం ఉసూరుమనేది. డీజిలు ఖర్చే తప్ప రాబడి లేదు. పడమర నుంచి ఖాళీగా తిరిగొచ్చే వ్యాగన్ల కోసం హిల్ కలప రవాణా ధర బాగా తగ్గించాడు. లైను పొడవునా రైతులను స్థిరపరిచాడు, మేలుజాతి ఆబోతులను ఉచితంగా పంచాడు. పంట పండితేనే కదా బండికి సరుకు!

కాచిగూడ పాఠకుడు:
నిజాం రైల్వే కంపెనీకి పెట్టుబడి మీద వడ్డీ చెల్లిస్తామన్న ప్రభుత్వ హామీ ఉండేది, హిల్‌కు ఆ ధీమా లేదు, నిజమే. కానీ కాస్కేడ్ పర్వతాల్లో ఆయన కూడా నూటికి నాలుగు ఎత్తులో లైను వేశాడు కదా?

మౌలాలి విశ్రాంత గార్డు:
వేశాడు. 1893లో సియాటిల్ చేరాలన్న తొందర. బండి ముందుకూ వెనక్కూ నడుస్తూ కొండెక్కేది. 1900లో రెండున్నర మైళ్లకు పైగా సొరంగం తవ్వి ఆ బాధ తప్పించారు. అయితే లోపల ఆవిరి ఇంజిన్ల పొగకు సిబ్బందికి ఊపిరాడేది కాదు. కరెంటు ఇంజిన్లు వచ్చింది 1909లో. మీ ప్రసంగంలో ఆ సిబ్బంది గురించీ ఒక మాట చెప్పండి తల్లీ.