జూనియర్ హాకీలో హెడ్ కోచ్ కుర్చీ ఎవరికి? పేరున్న మాజీ ఆటగాడికా, కింద నుంచి ఎదిగినవాడికా?

మిల్టన్ నాన్న
కొత్తగా చేరినవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. కెనడాలో 16 నుంచి 20 ఏళ్ల కుర్రాళ్లు ఆడే పెద్ద జూనియర్ ఐస్ హాకీ లీగులు మూడు. ఒంటారియో వైపు ఓహెచ్ఎల్, పడమట డబ్ల్యూహెచ్ఎల్, క్విబెక్ వైపు క్యూఎంజేహెచ్ఎల్. మూడూ కలిపి 60కి పైగా జట్లు. మావాడు వచ్చే వసంతం ఓహెచ్ఎల్ డ్రాఫ్ట్‌కి, అంటే జట్లు కుర్రాళ్లని ఎంచుకునే రోజుకి, వస్తాడు. అందుకే ఏ జట్టుకి ఎవరు కోచ్‌గా వస్తున్నారో ఈ జులై అంతా చూస్తూనే ఉన్నాను.

నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. ఒక కుర్చీ ఖాళీ అయిందంటే చాలు, ముందు వినపడేది ఎన్‌హెచ్ఎల్‌లో, అంటే పెద్దల ప్రొఫెషనల్ లీగులో, ఆడినవాళ్ల పేర్లే. పదేళ్లుగా అదే జట్టులో అసిస్టెంట్‌గా బెంచి మీద నిలబడ్డవాడి పేరు ఎవరి నోటా రాదు. నన్నడిగితే ముందు చూడాల్సింది ముగ్గురిని: ఏళ్ల తరబడి అసిస్టెంట్‌గా ఉన్నవాళ్లు, యూనివర్సిటీ జట్లు నడిపినవాళ్లు, ఇప్పుడిప్పుడే ఈ లీగుల్లోకి వస్తున్న ఆడవాళ్లు. క్రిస్ నోబ్లాక్‌నే తీసుకోండి. ఆల్బర్టా యూనివర్సిటీకి ఆడాడు, ఎన్‌హెచ్ఎల్ మంచు మీద ఆటగాడిగా అడుగు పెట్టలేదు. కూట్నీ జట్టుతో 2011లో డబ్ల్యూహెచ్ఎల్ గెలిచాడు, ఈరీ జట్టుకి వరసగా నాలుగు సీజన్లు కనీసం 50 గెలుపులు తెచ్చాడు, 2017లో ఓహెచ్ఎల్ కప్పు తెచ్చాడు. 2023లో ఎన్‌హెచ్ఎల్‌లో ఎడ్మంటన్ ఆయిలర్స్ కోచ్ అయ్యాడు. ఇలాంటివాళ్లు ఇంకా ఎంతమంది మూలన కూర్చుని ఉన్నారో.

ఓరుగల్లు పోరడు
అన్నా, నీ లిస్టు మంచిగనే ఉంది గని అసలు మాట ఇడిసిపెట్టినవ్. పదిహేడేండ్ల పోరడు ఎవని మాట ఇంటడు? ఆ దెబ్బలు తిన్నోని మాట ఇంటడు. డేల్ హంటర్ 1,407 ఎన్‌హెచ్ఎల్ మ్యాచులు ఆడిండు. కోచ్‌గ ఒంటారియోల ఉన్న లండన్ నైట్స్‌తోని మెమోరియల్ కప్, గదే మూడు లీగులకు కలిపి ఉన్న పెద్ద కప్పు, 2005ల, 2016ల, 2025 జూన్‌ల మళ్ల. మూడు కప్పులు. ఇంక ఏం గావాలె?

మిల్టన్ నాన్న
2025 జూన్ ఫైనల్ అన్నారు కాబట్టి అదే చెప్పుకుందాం. క్విబెక్‌లోని రిముస్కీలో ఆ రోజు అవతలి బెంచి మీద ఎవరున్నారు? మెడిసిన్ హ్యాట్ కోచ్ విల్లీ డెజార్డిన్స్. సస్కాచెవాన్ యూనివర్సిటీ ఆటగాడు, ఎన్‌హెచ్ఎల్ మ్యాచులు సున్నా. ఆ జట్టుకి డబ్ల్యూహెచ్ఎల్ కప్పు 2004, 2007, 2025లో తెచ్చాడు. 1,407 మ్యాచులవాడూ సున్నా మ్యాచులవాడూ ఒకే ఫైనల్‌లో నిలబడ్డారంటే ఆ అంకెకి ఉన్న విలువ ఎంత?

ఇంకొకటి. హంటర్‌ని ఉదాహరణగా తేవద్దు. 2000లో అన్నదమ్ములు కలిసి జట్టునే కొనుక్కున్నారు. ఆయన్ని ఎవరూ ఇంటర్వ్యూ చేసి తీసుకోలేదు.

ఓరుగల్లు పోరడు
ఫైనల్ 4-1. గెలిచింది ఎవరు?

గోదారోడు
ఏవండీ, జాన్ కూపర్ సంగతి ఎవరూ ఎత్తరేంటండీ? మిషిగన్‌లో వకీలండి ఆయన. బడి పిల్లల జట్టుతో మొదలెట్టాడు. తర్వాత అమెరికా జూనియర్ లీగుల్లో సెయింట్ లూయిస్‌తో 2007, 2008లో, గ్రీన్ బేతో 2010లో కప్పులు కొట్టాడు. 2020, 2021లో టాంపాతో స్టాన్లీ కప్, అంటే ఎన్‌హెచ్ఎల్ కప్పండి. కేసులు వాదించుకునేవాడికి అప్పట్లో ఎవరో ఒకరు జట్టు చేతికిచ్చారు కాబట్టే కదండీ.

ఓరుగల్లు పోరడు
గోదారి శీనన్నా, అది అమెరికా. ఈడ ముచ్చట కెనడా లీగులది. కూపర్ ఇక్కడి మూడు లీగులల్ల ఒక్క రోజు కూడ కోచింగ్ చెయ్యలె.

గోదారోడు
కెన్ హిచ్‌కాక్ చేశాడు కదండీ. ఆటసామాన్ల కొట్లో పనిచేస్తూ ఎడ్మంటన్ పక్కన షెర్వుడ్ పార్క్‌లో కుర్రాళ్ల జట్టు నడుపుకునేవాడు. 1984లో కామ్‌లూప్స్ జట్టు పిలిచి కుర్చీ ఇచ్చింది. 1999లో డల్లాస్‌తో స్టాన్లీ కప్. మీ ఎడ్మంటన్ ఊరివాడే, చూసుకోండి.

ఫ్రిస్కో పక్క వీధి
మనోడు మానీ మల్హోత్రా ఉన్నాడుగా. వాళ్ల నాన్న ఇండియా నుంచి వచ్చినాయనే. 2025లో అబ్బట్స్‌ఫర్డ్‌తో కాల్డర్ కప్, ఎన్‌హెచ్ఎల్‌కి ఒక మెట్టు కింది లీగు కప్పు, కొట్టాడు, హెడ్ కోచ్‌గా మొదటి ఏడాదే.

ఓరుగల్లు పోరడు
శాబాష్. 991 ఎన్‌హెచ్ఎల్ మ్యాచులు. నేను మొదటి నుంచి జెప్పేది గదే.

మిల్టన్ నాన్న
ఆగండాగండి. 991 మ్యాచులు ఆడాక నేరుగా హెడ్ కోచ్ అయ్యాడా? 2017 నుంచి 2024 దాకా ఏడేళ్లు వాంకూవర్‌లో, టొరంటోలో అసిస్టెంట్‌గా ఉన్నాడు. ఒకరి కింద నిలబడి నేర్చుకున్న ఏడేళ్లవి. మల్హోత్రా నా వైపు.

ఓరుగల్లు పోరడు
ఆ అసిస్టెంట్ నౌకరి ఎట్ల వచ్చింది? 991 మ్యాచులు ఆడిండు కాబట్టి వచ్చింది. మల్హోత్రా నా దిక్కే.

మిల్టన్ నాన్న
ఉద్యోగం రావడం వేరు, నేర్చుకోవడం వేరు. నేనంటున్నది నేర్చుకోవడం గురించి.

కొత్త స్కేట్స్
ఆయన జూనియర్‌కి దిగి వస్తాడా అసలు?

ఓరుగల్లు పోరడు
వస్తడా రాడా కాదు తమ్మీ. ఎసొంటోళ్లు కావాలె అనేదే ముచ్చట.

ఒకటి జెప్త. రెండేండ్ల కింద మావోని జట్టుకి ఒకాయన కోచ్‌గా వచ్చిండు. జట్టు పేరు జెప్ప. పెద్ద చదువు, లాప్‌టాప్ నిండ చార్టులు, ఎన్నడు పై లెవెల్ల ఆడలె. మావోడు లెఫ్ట్ వింగ్. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాక మ్యాచుకి మూడు షిఫ్టులు, నాలుగు షిఫ్టులు, అంటె మంచు మీదికి దిగుడు మూడు నాలుగు సార్లే. ఒకనాడు మూడు గంటలు బండి నడిపి పోయినం. ఇంటికొచ్చినంక బ్యాగు తెరిస్తే జెర్సీ పొడిగున్నది. స్టిక్కుకి పొద్దున చుట్టిన టేపు తెల్లగ అట్లనే ఉన్నది. మా ఇంటామె ఆ టేపు చూసి లోపలికి పోయింది, ఏం మాట్లాడలె. పోయి అడిగితే ఆ సారు చార్టు తీసి చూపెట్టిండు. కండ్లల్లకు చూడలె. ఆడినోడు అయితే బెంచి మీద కూసునుడు ఎట్లుంటదో ఎరుకైతుండె.

మిల్టన్ నాన్న
అది విని బాధేసింది అన్నా, నిజంగా. కానీ ఒక మనిషి చేసిన దానికి ఆడనివాళ్లందరినీ పక్కన పెడతామంటే ఎలా?

నాదీ చెప్తాను. ఏడేళ్లు పిల్లల జట్లకి స్వచ్ఛందంగా పనిచేశాను. హాకీ కెనడా సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ సొంత డబ్బుతో, శని ఆదివారాలు కూర్చుని పూర్తి చేశాను. పొద్దున్నే ఆరింటి ప్రాక్టీసుకి అయిదున్నరకే వెళ్లి తలుపు తీసేది నేను. హెడ్ కోచ్ స్థానం ఖాళీ అయితే అడిగాను. ఒక్క సర్టిఫికెట్ కూడా లేని మాజీ ఆటగాడికి ఇచ్చారు. ‘ఆయన పేరు చూసి పిల్లలు చేరతారు’ అన్నారు. నాకు మాత్రం నీళ్ల సీసాలు నింపే పని మిగిలింది.

ఓరుగల్లు పోరడు
అట్ల జెప్పు మరి. ఇంతసేపు లిస్టు, నోబ్లాక్, యూనివర్సిటీ అని తిప్పినవ్. నీ కుర్చీ పోయిందని ఏడుస్తున్నవ్.

మిల్టన్ నాన్న
నోరు అదుపులో పెట్టుకోండి. మీరు మీ అబ్బాయి మూడు షిఫ్టుల కోసం దేశంలో కోచ్‌లందరినీ తిడుతున్నారు. అది మాత్రం న్యాయమా? మీరు మంచు మీద స్కేట్ కట్టిన రోజు ఒక్కటుందా?

ఓరుగల్లు పోరడు
లేదు. కట్టలె. వరంగల్‌ల మంచు ఏడుంటది? అందుకే అంటున్న. నాకు తెల్వదు, మా ఇంట్ల ఎవలకు తెల్వదు. తెల్సినోని చేతిల పెట్టాలె పోరన్ని. నేను తప్పు జేస్తే ఆడు నష్టపోతడు. ఏడాదికి ఎన్ని వేల డాలర్లు పోసినమో లెక్క రాయుడు బంద్ పెట్టిన. నీకు ఎవరికి ఛాన్స్ రావాలె అన్నది కావాలె. మావోనికి ఏమైతది అన్నది నాకు కావాలె. మనిద్దరిది ఒకటే ముచ్చట కానే కాదు.

గోదారోడు
ఇద్దరూ కాస్త నిమ్మళించండి బాబూ.

కాల్గరీ సుధ
నేను ఇంతవరకు చదువుతూ ఉన్నాను గానీ రాయలేదు. మా అబ్బాయి రెండేళ్లుగా సస్కాచెవాన్‌లో ఒక చిన్న ఊర్లో ఉండి ఆడుతున్నాడు. పదహారేళ్లకే ఇల్లు వదిలి, వేరేవాళ్ల ఇంట్లో ఉండి, అక్కడి బడికి పోతాడు. సీజన్‌లో 68 మ్యాచులు, సగం రాత్రిళ్లు బస్సులోనే. మీరిద్దరూ గెలుపుల గురించి, కుర్చీల గురించి మాట్లాడుతున్నారు. ఆ మనిషి చేతిలో బిడ్డ ఎనిమిది నెలలు ఉంటాడన్న మాట మాత్రం ఎవరూ అనడం లేదే!

సస్కాచెవాన్‌లోనే ఉన్న స్విఫ్ట్ కరెంట్ జట్టు సంగతి మీకు తెలిసే ఉంటుంది. గ్రాహం జేమ్స్ అనే కోచ్ చేతిలో ఏళ్ల తరబడి లైంగిక వేధింపులు పడ్డానని ఆ జట్టులో ఆడిన షెల్డన్ కెన్నెడీ బయటికొచ్చి చెప్పాడు. 1997లో ఆ కోచ్ నేరం ఒప్పుకున్నాడు, జైలుకి పోయాడు. అతనప్పుడు గెలిచే కోచ్. 1989లో మెమోరియల్ కప్ తెచ్చిన కోచ్. ఆ కప్పు చూసుకుని ఊరంతా నమ్మింది. మా అబ్బాయిని ఆ ప్రాంతానికే పంపేముందు రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ఎన్ని మ్యాచులు ఆడాడన్నది నేను అడగను అన్నా. ఏ సర్టిఫికెట్ ఉందన్నదీ అడగను.

మిల్టన్ నాన్న
సుధ గారూ, మీరన్నది కాదనను. దానికే నేను మహిళా కోచ్‌ల మాట తెచ్చింది. 2022లో మూస్ జా జట్టు ఒలీవియా హోవ్‌ని అసిస్టెంట్‌గా తీసుకుంది. డబ్ల్యూహెచ్ఎల్‌లో పూర్తికాలం కోచ్ అయిన మొదటి మహిళ ఆమె. 2024లో జెసికా క్యాంప్‌బెల్ సియాటెల్ బెంచి మీదికి, ఎన్‌హెచ్ఎల్‌కే వెళ్లింది. పైన తలుపు తెరుచుకుంది. జూనియర్‌లో హెడ్ కోచ్ కుర్చీ దగ్గర మాత్రం ఇంకా మూసే ఉంది.

కాల్గరీ సుధ
ఆడవాళ్లయితే చాలని నేను అనలేదు. ఏ కోచ్ అయినా ఒంటరిగా, అడిగేవాడు లేకుండా ఉండకూడదు అంటున్నా. ఓరుగల్లు అన్నా, ఆడినవాడైతే బెంచి మీది బాధ తెలుస్తుందన్నారు. మొన్న జనవరిలో మావాడి భుజం దిగిపోతే రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది ఆడిన హెడ్ కోచ్ కాదు. అసిస్టెంట్. ఆస్పత్రి నుంచే చేశాడు. ‘అమ్మా, పక్కనే ఉన్నాను, వాడితో మాట్లాడండి’ అని ఫోన్ వాడి చెవి దగ్గర పెట్టాడు. హెడ్ కోచ్ మూడో రోజు చేశాడు.

కొత్త స్కేట్స్
ఇంకోటి. 2025 ఆగస్టు 1 నుంచి జూనియర్ ఆడినవాళ్లు అమెరికా కాలేజీ హాకీకి కూడా పోవచ్చు, రూల్ మారింది. గావిన్ మెకెన్నా 2025లో మెడిసిన్ హ్యాట్ వదిలి పెన్ స్టేట్ యూనివర్సిటీకి పోయాడు, 56 మ్యాచుల్లో 129 పాయింట్లు చేసినవాడు. ఇకమీదట పిల్లవాడికి నచ్చకపోతే ఉండడు. కోచ్ మాట వింటాడా లేదా అని కాదు, అసలు ఉంటాడా అన్నదే ప్రశ్న.

మిల్టన్ నాన్న
బాగా చెప్పావు తమ్ముడూ. ఇన్నాళ్లూ పిల్లలకి వేరే దారి లేదు కాబట్టి ఎలాంటి కోచ్ అయినా చెల్లింది.

ఓరుగల్లు పోరడు
సుధక్కా, పొద్దటి నుంచి నీ మాటనే మతిల తిరుగుతున్నది. మిల్టనన్నా, ఏడుస్తున్నవ్ అన్నది నా తప్పు, వాపస్ తీసుకుంటున్న. పొద్దుగాల అయిదున్నరకు తలుపు తీసినోనికి ఆ మాట అనొద్దుండె.

అక్కా, పంపేముందు ఏమేం అడిగినవ్? మాకు ఆగస్టు ఆఖర్ల క్యాంపు ఉంది. హెడ్ కోచ్ కొత్తాయన, పేరున్న ఆటగాడే.

కాల్గరీ సుధ
దెబ్బ తగిలితే మాకు ఫోన్ ఎవరు చేస్తారు, ఎంతసేపట్లో చేస్తారు అని అడిగాను. బస్సులో ఉన్న రోజుల్లో బడి పాఠాలు ఎవరు చూస్తారని అడిగాను. పోయినేడాది నాలుగో లైన్‌లో, అంటే అందరికన్నా తక్కువసేపు మంచు మీదికి దిగే గుంపులో, ఆడిన పిల్లలు ఇప్పుడెక్కడున్నారు, వాళ్ల ఇళ్ల ఫోన్ నంబర్లు ఇప్పిస్తారా అని అడిగాను. మొదటి లైన్ పిల్లల అమ్మానాన్నలు అందరూ బాగుందనే చెప్తారు. నాలుగో లైన్ వాళ్లతో మాట్లాడితే తెలుస్తుంది. ఒక జట్టు వాళ్లు నంబర్లు ఇవ్వలేదు. అక్కడికి పంపలేదు.

ఓరుగల్లు పోరడు
నాలుగో లైనోళ్ల నంబర్లు. నాకు తట్టనే లేదక్కా, మావోడే నాలుగో లైన్ల ఉండె. అడుగుత. ఏం జెప్తడో వచ్చి ఈడనే రాస్త. హంటర్ ముచ్చటల మాత్రం నేను తగ్గ.

మిల్టన్ నాన్న
నేనూ తగ్గను. ఆ కొత్తాయన కింద అసిస్టెంట్ ఎవరో, ఎన్నేళ్ల నుంచి అక్కడ ఉన్నాడో కూడా కనుక్కోండి అన్నా.