జీఆర్ఈలో ఖాళీలు పూరించే ప్రశ్నలు: పదం తెలిసినా జవాబు ఎందుకు తప్పుతోంది?

నల్లగొండ_విద్యార్థిని
అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమమే. విదేశాల్లో పైచదువుల కోసం రాసే జీఆర్ఈ పరీక్షకు నాలుగు నెలలుగా రోజుకు పది పదాల చొప్పున, కార్డుల మీద ఒకవైపు ఇంగ్లిషు పదం, మరోవైపు తెలుగు అర్థం రాసుకొని కంఠస్థం చేస్తున్నాను. అయినా నిన్న పద్నాలుగు ఖాళీల ప్రశ్నలు చేస్తే ఎనిమిది తప్పాయి. ఆ ఎనిమిదింటిలో ఐదింట నాకు అర్థం తెలియని పదం ఒక్కటీ లేకపోవడమే ఎక్కువ బాధగా ఉంది. ఇంకా పదాలు పెంచుకోవాలా, లేక నేను సాధన చేసే తీరే మార్చుకోవాలా? పరీక్ష రాసిన వారు దయచేసి చెప్పండి.

పాలమూరు_అక్క
చెల్లీ, నాదీ ఇదే కథ. మహబూబ్‌నగర్‌లో గ్రంథాలయంలో కూర్చొని చదువుకున్న రోజుల్లో, తప్పిన ప్రతి ప్రశ్ననూ వాక్యంతో సహా ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. నెల తరువాత దాన్ని తిరగేస్తే, నన్ను ముంచినవి కొత్త పదాలకన్నా ఎక్కువగా మన ఇళ్లలో రోజూ వినబడే ఇంగ్లిషు మాటలేనని తెలిసింది. 'పింఛను శాంక్షన్ అయింది' అని చిన్నప్పటి నుంచి విన్నందువల్ల ఆ మాట కనబడగానే మంజూరు అనే అర్థమే తోచేది. ఒక దేశం మీద విధించే ఆంక్షకూ అదే పేరని తెలిసి కూడా మూడుసార్లు తప్పాను. 'టెంపర్' అంటే మనకు కోపం, పరీక్షలో క్రియగా వస్తే తీవ్రతను తగ్గించడం. 'డిస్కౌంట్' మనకు బట్టల దుకాణంలో ధర తగ్గింపు, అక్కడ ఒక వాదనను లెక్కలోకి తీసుకోకపోవడం. 'క్వాలిఫైడ్' ప్రశంస అంటే అర్హతగల ప్రశంస కాదు, షరతులతో కూడిన ప్రశంస. 'ఎనర్వేట్' అనే పదం ఎనర్జీని గుర్తుకు తెస్తుంది కానీ, దాని అర్థం శక్తిని హరించడం. ఇటువంటి మాటలకు నువ్వు వేరుగా ఒక పుస్తకం పెట్టుకో. అర్థం ఒక్కటే రాయకుండా, అది వచ్చిన వాక్యం మొత్తం రాయి.

దేవరకొండ_సారు
అక్కగారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. ముప్పై ఏళ్లు ఇంగ్లిషు చెప్పినవాణ్ని కనుక, పిల్లలు ఎక్కడ తొందరపడతారో దగ్గరనుంచి చూశాను. వాక్యం సగం చదవగానే చూపు ఐచ్ఛికాల మీదికి పోతుంది. కిందివాటిని అరచేత్తో మూసి, ఖాళీలో ఏ మాట ఉండాలో ముందుగా మీ తెలుగులోనే అనుకోండి. ఉదాహరణకు వాక్యం ఇలా ఉందనుకుందాం: 'విమర్శకులు ఆ నవలను మెచ్చుకున్నప్పటికీ, వారి మెప్పు ______: ప్రతి పొగడ్త వెనుకా ఒక అభ్యంతరం ఉంది.' ఇక్కడ 'అప్పటికీ' అన్నది వాక్యాన్ని మలుపు తిప్పుతుంది, చుక్కల గుర్తు తరువాతి భాగం ఖాళీని విడమరచి చెబుతుంది. మనసులో 'ఆచితూచి ఇచ్చినది' అనుకొని చెయ్యి తీస్తే 'క్వాలిఫైడ్' దానంతట అదే కనబడుతుంది. చెయ్యి పెట్టకుండా చూసినవారు, విమర్శకులు చాలామంది ఉన్నారు కదా అని 'యునానిమస్' (ఏకగ్రీవమైన) వైపు పోతారు.

ఆరు ఐచ్ఛికాల్లో రెండు ఎంచుకోవలసిన ప్రశ్నల్లో మరొక జాగ్రత్త అవసరం. రెండూ సరైనవైతేనే మార్కు. ఒకే అర్థం ఇచ్చే జంట కనబడగానే గుర్తు పెట్టేయకండి. వాక్యానికి అతకని జంటను కావాలనే ఉంచుతారు.

వనపర్తి_తమ్ముడు
కోఠిలో పాత పుస్తకం కొని, వ్యతిరేకపదాలు, సాదృశ్యాల మీద రెండు నెలలు వృథా చేసుకున్నాను. ఆ రెండు రకాల ప్రశ్నలూ 2011 ఆగస్టులోనే తీసేశారు. కొనే ముందు ముద్రణ సంవత్సరం చూడండి. జీఆర్ఈ నిర్వహించే సంస్థ ఈటీఎస్ ఉచితంగా ఇచ్చే పవర్‌ప్రెప్ నమూనా పరీక్షలు రెండింటినీ మాత్రం చివరి వారాలకు దాచుకోండి.

మిర్యాలగూడ_పాఠకుడు
సారు మీద గౌరవంతోనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. పదాల పట్టిక వద్దన్నట్లుగా చర్చ సాగుతోంది. మన వాక్యపరిశీలన ఎంత చక్కగా ఉన్నా, 'లకోనిక్' అంటే మితభాషి అని తెలియనివారు ఐచ్ఛికాల దగ్గర ఆగిపోక తప్పదు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన మనకు ఆ లోటు మరింత ఎక్కువ. సమయం సంగతి కూడా చూడాలి. 2023 సెప్టెంబరు నుంచి వెర్బల్‌లో (ఈ ఖాళీల ప్రశ్నలు వచ్చే ఇంగ్లిషు భాగంలో) మొదటి విభాగానికి 18 నిమిషాల్లో 12 ప్రశ్నలు, రెండో దానికి 23 నిమిషాల్లో 15 ప్రశ్నలు. గద్యభాగాలు చదవడానికి వ్యవధి మిగలాలంటే ఒక్క ఖాళీ ఉన్న ప్రశ్న నిమిషంలోపే పూర్తి కావాలి. మూడు ఖాళీలున్నప్పుడు మొదటి దానితోనే మొదలుపెట్టాలన్న నియమం లేదు. ఏ ఖాళీకి వాక్యంలో ఆధారం స్పష్టంగా ఉందో అక్కడ మొదలుపెట్టండి. తప్పుకు మార్కు కోత లేదు కనుక దేనినీ వదిలేయకండి.

దేవరకొండ_సారు
మీ మాట సమంజసమే. పట్టిక ఉండాలి, అయితే ప్రతి పదం వెంట ఒక వాక్యమూ ఉండాలి.

నల్లగొండ_విద్యార్థిని
అందరికీ కృతజ్ఞతలు. పది రోజులు సారు చెప్పినట్లే ఐచ్ఛికాలు మూసి చేశాను. ఒక తప్పు నా కంటపడింది: 'బట్' అంటే 'కానీ' అని ఐదో తరగతిలో నేర్చుకున్నది నాలో పాతుకుపోయింది. 'ఎనీథింగ్ బట్ సింపుల్' అని ఉంటే 'సులభమే' అన్న వైపు పోయాను. దాని అర్థం 'ఎంతమాత్రం సులభం కాదు' అని. 'నథింగ్ బట్' అంటే 'అది తప్ప మరేదీ కాదు', 'బట్ ఫర్' అంటే 'అది లేకపోయి ఉంటే'. ఈ మూడింటినీ అక్క చెప్పిన పుస్తకంలో మొదటి పేజీలో వాక్యాలతో రాసుకున్నాను. నిన్న మళ్లీ పద్నాలుగు చేస్తే నాలుగు తప్పాయి. అందులో మూడు నిజంగానే నాకు తెలియని పదాలు, కాబట్టి మిర్యాలగూడ అన్న చెప్పినట్లు కార్డులు కూడా మానడం లేదు. వచ్చే ఆదివారం మొదటి పవర్‌ప్రెప్ రాసి, తప్పినవాటిని ఇక్కడే పెడతాను.