అమెరికా తమ్ముడితో కలిసి ఫ్లాట్: రిజిస్ట్రేషన్ ఎవరి పేరున?

ప్రశ్న: నమస్కారం అండీ. మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. అమెరికా సిటిజన్ అయ్యాడు, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉంది. ఇద్దరం కలిసి మియాపూర్‌లో 90 లక్షల ఫ్లాట్ చూశాం. వాడు 60 లక్షలు పెడతాడు, నేను 30. వాడికి సెలవు దొరకట్లేదు. "ముందు నీ పేరున రాయించెయ్ అన్నయ్యా, తర్వాత చూసుకుందాం" అంటున్నాడు. షాద్‌నగర్ వైపు ఎకరం పొలం కూడా ఉంది, అదీ ఇద్దరి పేర్లా తీసుకోవచ్చా?

జవాబు: దయచేసి మీ ఒక్కరి పేరున రాయించకండి. డబ్బు ఒకరిది, పేరు ఇంకొకరిది అయితే బినామీ చట్టం కిందికి వస్తుంది. అన్నదమ్ములకు మినహాయింపు ఉంది, కానీ డబ్బు పెట్టిన మనిషి పేరు కూడా జాయింట్ ఓనర్‌గా డాక్యుమెంట్‌లో ఉంటేనే. లేకపోతే రేపు మీ తమ్ముడు కోర్టుకెళ్లి "ఆ డబ్బు నాది, వాటా ఇప్పించండి" అన్నా ఆ చట్టం అడ్డొస్తుంది. మీరెంత మంచివాళ్లయినా, మీ తర్వాత పిల్లలు ఏమంటారో ఎవరికి తెలుసు?

సెలవు గురించి టెన్షన్ వద్దు. ఈ ఫ్లాట్ కొనడం వరకే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ (తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం) రాసి, హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపమనండి. అది ఇక్కడికి చేరిన 3 నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంప్ డ్యూటీ కట్టించాలి.

సేల్ డీడ్‌లో "మొదటి కొనుగోలుదారుకు మూడింట రెండు వంతులు, రెండవ కొనుగోలుదారుకు మూడింట ఒక వంతు అవిభక్త వాటా" అని స్పష్టంగా రాయించండి. వాటాలు రాయకపోతే ఎవరెంత పెట్టారో లెక్క చూపాలి, చూపలేకపోతే చెరిసగం అనుకుంటారు. తమ్ముడి 60 లక్షలు మీ ఖాతాకు రానివ్వకండి. తన ఎన్‌ఆర్‌ఈ లేదా ఎన్‌ఆర్‌ఓ ఖాతా (విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడి బ్యాంకులిచ్చే ఖాతాలు) నుంచి నేరుగా అమ్మేవాళ్లకే వెళ్లాలి. రేపు అమ్మి డబ్బు అమెరికా తీసుకెళ్లాలంటే బ్యాంకు అడిగేది ఆ చెల్లింపు కాగితాలే.

అమ్మేవాళ్లు ఇండియాలో ఉండేవాళ్లయితే 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) ఇద్దరూ ఎవరి వాటాకు వాళ్లు కట్టాలి. మీ వాటా 30 లక్షలే కదా అని వదిలేయకండి, ఈ టీడీఎస్ వర్తించే 50 లక్షల పరిమితికి మొత్తం ధర చూస్తారు.

పొలం మాత్రం కుదరదు. ఎన్‌ఆర్‌ఐలు, ఓసీఐలు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, తోటలు కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. కావాలంటే మీ డబ్బుతో మీరే కొనుక్కోండి.

ప్రశ్న: చాలా థాంక్స్ అండీ. మా మరదలు అమెరికన్, ఓసీఐ లేదు. తన పేరు కూడా పెట్టమంటున్నాడు.

జవాబు: పెట్టొచ్చు, కానీ భర్తతో కలిపి ఒక్క స్థిరాస్తికే. పెళ్లి రిజిస్టర్ అయి, కనీసం 2 ఏళ్లుగా కొనసాగుతూ ఉండాలి.

ఇంకొకరి జవాబు: పైన చెప్పినవన్నీ సరైనవే. నేనైతే విడిపోయే దారి కూడా ఇప్పుడే రాసుకోమంటాను. ఒకరు అమ్ముదామని, ఇంకొకరు వద్దని అంటే ఫ్లాట్‌ని గోడ కట్టి పంచలేం. వ్యవహారం కోర్టుకెళ్తే చివరికి అమ్మేసి డబ్బు పంచుకోవాల్సి వస్తుంది. అందుకే ముందు రెండోవాళ్లకే అమ్మజూపాలని, ధర ప్రభుత్వ గుర్తింపు ఉన్న వాల్యుయర్ కట్టాలని, కొంటారో లేదో చెప్పడానికి ఎన్ని రోజుల గడువో వేరే అగ్రిమెంట్‌లో పెట్టండి. మెయింటెనెన్స్, ఆస్తి పన్ను ఎవరు కట్టాలో కూడా.

అద్దెకిస్తే తమ్ముడి వాటా అద్దెలో 30 శాతం పన్ను, దాని మీద సెస్సు కోసి కట్టాల్సిన బాధ్యత అద్దెకున్నవాళ్లదే. చాలామందికి ఇది తెలియదు, ఒప్పందంలోనే రాయండి. అమ్మేటప్పుడు కూడా ఆయన వాటాకు టీడీఎస్ ఎక్కువ కోస్తారు. ముందే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకుంటే డబ్బు ఇరుక్కోదు.

పవర్ ఆఫ్ అటార్నీ డ్రాఫ్ట్ పంపే ముందు పాస్‌పోర్టు, ఓసీఐ, పాన్‌లలో పేరు ఒకేలా ఉందో లేదో చూడండి. మన దగ్గర ముందుండే ఇంటిపేరు అమెరికా పాస్‌పోర్టులో చివరికి పోతుంది. తేడా ఉంటే రెండు పేర్లూ ఒకరివేనని ఆ పత్రంలోనే ఒక వాక్యం చేర్పించండి.