హవానా సిగార్‌కి అంత పేరు తగునా?

పొగబండి: ఆ పేరులో సగం క్యూబా మీద 1962 అమెరికా ఆంక్షల చలవే. దొరకని సరుకంటే మోజు. ఇవాళ నికరాగువాలో ఎస్తెలీ, హలాపా ఆకుతో చుట్టినవి అంతకంటే సాఫీగా కాలుతున్నాయి.

లంకాకు: హవానా బ్రాండ్లలో ఎచ్. ఉప్‌మన్ 1844 నాటిది, పార్తాగాస్ 1845 నాటిది. ఆంక్షలకి ముందు పేరు లేదా? అసలు సంగతి క్యూబాలో పినార్ దెల్ రియోలోని వుయెల్టా అబాహో నేల. సిగార్‌కి పైన చుట్టే ఆకుని గుడ్డ పందిరి నీడన పెంచుతారు. లోపలికి మొక్క కింది ఆకు వోలాడో కాలడానికి, నడిమి సెకో వాసనకి, మొక్క కొస ఆకు లిగెరో ఘాటుకి. కోహిబా బ్రాండుకైతే సెకో, లిగెరో మూడోసారి పీపాల్లో పులుస్తాయి.

లెక్కలమాస్టారు: ఆకుని ఎవరూ కాదనలేదండీ. చుట్టడం సంగతి చెప్పండి. లోపలి ఆకుల్ని ఒక్కోటి గొట్టంలా చుట్టి పేరిస్తే గాలికి దారి ఉంటుంది. పుస్తకంలా మడిచేస్తే పని తొందరగా అవుతుంది, దారి మూసుకుపోతుంది. లిగెరో నెమ్మదిగా కాలే ఆకు, నట్టనడుమ లేకపోతే సిగార్ ఒక పక్కే కాలుతుంది. 90ల చివర ఉత్పత్తి పెంచినప్పుడు పొగ రాకుండా బిగుసుకుపోయినవి ఎన్నో. పొగ లాగి చూసే యంత్రాలు ఆ తర్వాతే వచ్చాయి.

లంకాకు: బిగుసుకోడానికి తేమ కూడా కారణమే. 70 శాతంలో పెడితే ఆకు ఉబ్బుతుంది. 62–65 శాతంలో రెండు మూడు వారాలు ఉంచి చూడండి. వేడి 24 డిగ్రీలు దాటనీయకండి, పురుగు గుడ్లు పొదుగుతాయి.

పొగబండి: బాగుంటే హవానా గొప్ప, చెడితే కొన్నవాడి తప్పు. భలే!

సీలుచూపు: నకిలీవేమో. పెట్టె ముందు ఎడమవైపు ఆకుపచ్చ వారంటీ సీలు, అడుగున నెల, సంవత్సరం ముద్ర చూశారా? గాజుమూత కోహిబా పెట్టె అయితే చూడక్కర్లేదు, నకిలీయే.

గట్టుమీద: మన గోదారి లంక పొగాకు చుట్టకి ఈ గొడవలేవీ లేవు 😄

లెక్కలమాస్టారు: సీలున్న అసలు పెట్టె గురించే మాట్లాడుతున్నాం. 2022లో కోహిబా, ట్రినిడాడ్ బ్రాండ్ల ధరల్ని ప్రపంచమంతటా హాంకాంగ్‌లోని ఎక్కువ ధర స్థాయికి తీసుకెళ్ళారు. అంత పోసినవాడికి పెట్టెలో ప్రతిదీ కాలాలి. నాకు నాణ్యమంటే అదీ.

లంకాకు: అదుగో, మీకు కావలసింది అచ్చుపోసిన సరుకు! ఈక్వడార్ పై ఆకు, నికరాగువా లోపలాకు, డొమినికన్ ఆకు కలిపేవాడు ఒక చోటి లోటు ఇంకో చోటి ఆకుతో పూడ్చుకుంటాడు. హవానాలో అంతా క్యూబా ఆకే. పంట ఎలా ఉంటే రుచి అలా ఉంటుంది. 2022 సెప్టెంబరులో ఇయన్ తుపాను పినార్ దెల్ రియోలో ఆకు ఆరబెట్టే కొట్టాల్ని కూల్చేసింది. ఆ తేడా తెలియడమే నాకు రుచి.

లెక్కలమాస్టారు: తెలియనివ్వండి. తుపాను పేరు చెప్పి ధర తగ్గించారా? లేదే. పంట నష్టం వాళ్ళది, బిగుసుకున్న సిగార్ నష్టం నాదా? ఇంతసేపూ నేనంటున్నది ఇదే.

లంకాకు: ధర అన్యాయమే, ఒప్పుకుంటా. సరుకు నాసిరకమంటే మాత్రం ఒప్పుకోను.

కొత్తసభ్యుడు: మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. 25 సిగార్లకి తేమని 65 శాతం దగ్గర నిలిపే సంచి, 60 గ్రాములది, ఒకటి చాలా?

సీలుచూపు: గాలి చొరని డబ్బా అయితే చాలు.