‘డెలిబరేట్ ఇండిఫరెన్స్’: నిర్లక్ష్యమా, ఉపేక్షా?

ప్రశ్న: అమెరికాలో ఖైదీలు జైలు పరిస్థితుల మీద వేసే కేసుల్లో ‘డెలిబరేట్ ఇండిఫరెన్స్’ అనే మాట పదే పదే వస్తుంది. తెలుగులో దాన్ని ‘ఉద్దేశపూర్వక నిర్లక్ష్యం’ అంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. ఆ కేసులు నిలిచేదీ వీగిపోయేదీ ఈ తేడా మీదే. అమెరికాలోని రిచ్మండ్ జైల్లో ఒక ఉద్యోగి మెట్ల మీద దిండు వదిలేస్తే ఖైదీ దాని మీద కాలేసి జారిపడ్డాడు. ఒట్టి నిర్లక్ష్యంతో రాజ్యాంగ హక్కుకు భంగం కలిగినట్టు కాదని ఆ ఖైదీ వేసిన డేనియల్స్ కేసులో 1986లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి ‘నిర్లక్ష్యం’ అని రాస్తే, కేసుకు చాలని మాటనే కేసుకు ఆధారంగా చూపినట్టవుతుంది. ‘ఉద్దేశపూర్వక’ అంటే రెండో వైపు తప్పుతాం. ఖైదీకి హాని చేయాలన్న ఉద్దేశం రుజువు కానక్కర్లేదు. 1994 నాటి ఫార్మర్ తీర్పు ప్రకారం తీవ్రమైన ముప్పు ఉందని అధికారికి నిజంగా తెలియాలి, తెలిసీ ఊరుకోవాలి. ‘తెలిసి ఉండాల్సింది’ అన్నంత మాత్రాన చాలదు.

అందుకే నా ఓటు ‘ఉపేక్ష’కు. ఉప, ఈక్ష: దగ్గరుండి చూడటం, చూస్తూ ఊరుకోవడం. తెలియడం అన్నది ఆ మాటలోనే ఉంది.

మరొకరు: ‘ఉపేక్ష’ పాతబడిన మాటేమీ కాదు. ‘ఎంతటివారైనా ఉపేక్షించేది లేదు’ అని పోలీసు అధికారులు రోజూ అంటూనే ఉంటారు. ఎవరి తప్పు మనకు తెలుసో వారినే ఉపేక్షించగలం, తెలియనివారిని కాదు. ‘నిమ్మకు నీరెత్తినట్టు’ ఇక్కడ పనికిరాదు. అందులో చలనం లేకపోవడం కనిపిస్తుంది గానీ, విషయం తెలుసో లేదో తేలదు.

ఇంకొకరు: ఆ ‘తెలిసీ’ని కోర్టులో నిలబెట్టేది చాలాసార్లు గ్రీవెన్స్ కాగితమే, అంటే ఖైదీ జైలు అధికారులకు రాసిచ్చే ఫిర్యాదే. ఖైదీల దావాల మీద అమెరికా తెచ్చిన 1996 చట్టం ప్రకారం జైలు లోపలి ఫిర్యాదు, దాని మీది అప్పీళ్లు అన్నీ పూర్తయ్యాకే ఫెడరల్ కోర్టుకు వెళ్లాలి. గడువు దాటాక పెట్టిన ఫిర్యాదు లెక్కలోకి రాదని 2006లో న్గో కేసు చెప్పింది. కాలిఫోర్నియాలో అప్పట్లో ఆ గడువు 15 పనిదినాలు. ‘వైద్యం సరిగా లేదు’ అని ఊరికే రాస్తే ఎవరికి ఏం తెలుసో తేలదు. ఏ తేదీన, ఎవరికి, ఏ లక్షణం చెప్పారో, వారు ఏమన్నారో రాసి, నకలు దాచుకోవాలి. ఫారాలే ఇవ్వకపోతే, లేదా బెదిరించి ఆపితే, ఆ ఫిర్యాదు దారి ‘అందుబాటులో’ లేనట్టేనని, అది పూర్తిచేయకపోయినా కోర్టుకు వెళ్లవచ్చని 2016 రాస్ తీర్పు. పేద ఖైదీకైనా 350 డాలర్ల కోర్టు ఫీజు మాఫీ కాదు, ఖాతాలోంచి విడతలుగా కోస్తారు. అందుకే ఫిర్యాదు చేసేటప్పుడే మాట కచ్చితంగా ఉండాలి.

మళ్లీ మొదటి జవాబుదారు: మన కోయిలకుంట్ల సబ్‌జైలు కేసు పక్కన పెట్టి చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. 1977లో జైలు మీద బాంబులు వేసి ఒక ఖైదీని చంపారు. ప్రాణభయం ఉందని ఆయన ముందే చెప్పారు. రక్షణ కల్పించడంలో నిర్లక్ష్యం ఉందని తేలడంతో నష్టపరిహారం వచ్చింది. సార్వభౌమాధికార రక్షణ (ప్రభుత్వాన్ని నష్టపరిహారం అడగకూడదన్న వాదన) ఇక్కడ చెల్లదని 2000లో మన సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు గురించి రాసేటప్పుడు ‘నిర్లక్ష్యం’ సరైన మాటే. అదే మాటను అమెరికా తీర్పుకు తగిలిస్తే రెండు చట్టాలూ కలిసిపోతాయి.

ప్రశ్న అడిగినవారు: వైద్యం కేసుల్లోనూ ‘ఉపేక్ష’ నప్పుతుందా?

జవాబు: నప్పుతుంది. ఆ పదబంధం స్థిరపడిందే 1976లో గాంబుల్ కేసులో. టెక్సాస్‌లో లారీ నుంచి దించుతుండగా 600 పౌండ్ల పత్తి బేలు గాంబుల్ అనే ఖైదీ మీద పడింది. మూడు నెలల్లో 17 సార్లు వైద్య సిబ్బంది చూశారు గనుక, అది మహా అయితే వైద్యంలో పొరపాటే తప్ప ఉపేక్ష కాదని డాక్టరు మీద ఆయన చేసిన ఆరోపణ వీగిపోయింది. అందుకే మొదటిసారి వాడిన చోట ‘అవసరం తెలిసీ వైద్యం అందనివ్వకపోవడం’ అని విప్పి రాసి, తర్వాత నుంచి ‘ఉపేక్ష’ అని వాడండి.